ఊరుభంగం: భాసుడి ఏకాంక విషాదం

ఊరుభంగం (తొడలు విరగడం) భాసుడి పేరిట నిలిచిన సంస్కృత ఏకాంక రూపకం. భారతయుద్ధం ఆఖరి రోజున భీముడి గదదెబ్బకు తొడలు విరిగి పడిపోయిన దుర్యోధనుడి చివరి ఘడియలే ఇందులో కథ. నాయకుడు ప్రేక్షకుల కళ్లెదుటే ప్రాణం విడుస్తాడు. అందుకే సంస్కృతంలో విషాదాంత నాటకం ఉందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా విమర్శకులు ముందుగా దీని పేరే చెబుతారు. అయినా శాకుంతలం, మృచ్ఛకటికం, ఉత్తరరామచరితం ఇష్టంగా చదివినవాళ్లలో కూడా దీన్ని చదివినవాళ్లు తక్కువే. భాసుడంటే స్వప్నవాసవదత్తం అన్న అలవాటు అంతగా పాతుకుపోయింది. శ్లోకాలు 60 పైచిలుకు, పాత్రలు పదమూడు. మొత్తం ఒక్క విడతలో చదివేయవచ్చు. ఇంత చిన్నదై, ఇంత బరువు ఉన్న నాటకం సంస్కృతంలో మరొకటి లేదనే చెప్పాలి.

దొరికిన వైనం

కాళిదాసు మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలోనే భాసుణ్ణి పేరుపెట్టి తలచాడు. బాణుడు హర్షచరితం మొదట్లో మెచ్చుకున్నాడు. పెద్ద కవులు ఇంతగా గౌరవించినా భాసుడి నాటకాలు మాత్రం శతాబ్దాలపాటు పండితలోకానికి కనిపించకుండా పోయాయి. 1909లో టి. గణపతిశాస్త్రి తిరువాన్కూరు సంస్థానంలో తాళపత్రాల కోసం తిరుగుతూ, పద్మనాభపురం దగ్గర మణలిక్కర మఠంలో మలయాళ లిపిలో ఉన్న ఒక గ్రంథాన్ని చూశారు. అందులోనూ, ఆ తర్వాత దొరికిన ప్రతుల్లోనూ కలిపి పదమూడు రూపకాలు బయటపడ్డాయి. 1912 నుంచి అవి అనంతశయన సంస్కృత గ్రంథావళిలో అచ్చయ్యాయి. వాటిలో ఊరుభంగం ఒకటి.

ఈ ప్రతుల్లో ఎక్కడా కవి పేరు లేదు. స్వప్నవాసవదత్తం భాసుడిదని పూర్వులు చెప్పారు కాబట్టి, అదే పోలికలున్న మిగతావి కూడా ఆయనవేనని గణపతిశాస్త్రి వాదించారు. దాదాపు అన్నిటిలోనూ నాంది ముగిశాకే సూత్రధారుడు వస్తాడు, ప్రస్తావనను స్థాపన అంటారు. ఇవి కేరళ నటులు తమ ప్రదర్శనల కోసం కుదించుకున్న ప్రతులని కొందరు ఎదురువాదం చేశారు. ఊరుభంగం ఒక పెద్ద భారత నాటకంలో మిగిలిన అంకమేమో అన్న అనుమానం కూడా ఉంది. చదువుతుంటే మాత్రం అది తెగిన ముక్కలా అనిపించదు. మొదలు, నడక, ముగింపు అన్నీ తనలోనే ఉన్న రచన ఇది.

నది, యజ్ఞం

నాటకం మంగళశ్లోకం తెలుగువారికి చదవగానే ఎక్కడో విన్నట్టు తోస్తుంది. భీష్మద్రోణులు గట్లుగా, జయద్రథుడు నీరుగా, కర్ణాదులు అలలూ మొసళ్లుగా ఉన్న శత్రునదిని అర్జునుడు దాటాడని అందులో ఉంది. భగవద్గీతకు ముందు చదివే ధ్యానశ్లోకాల్లో కూడా ఇదే నది ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ధ్యానశ్లోకంలో కృష్ణుడు పడవ నడిపేవాడు, దుర్యోధనుడు సుడిగుండం. ఇక్కడ కృష్ణుడే పడవ, దుర్యోధనుడు ప్రవాహం. సుడిగుండం నదిలో ఒక చోట ఉండే ప్రమాదం. ప్రవాహం లేకపోతే నదే లేదు. ప్రార్థన కృష్ణుడికే అయినా, ఈ యుద్ధమంతా ఎవరి బలంతో పారిందో కవి మొదటి నాలుగు పాదాల్లోనే తేల్చాడు.

ఆ వెంటనే ముగ్గురు భటులు వస్తారు. విష్కంభం అనే పరిచయ భాగమంతా వాళ్లదే. కురుక్షేత్రంలోని సమంతపంచకంలో చచ్చి పడినవాళ్ల మధ్య నడుస్తూ కనిపించినదల్లా వర్ణిస్తారు. యుద్ధం వాళ్ల కళ్లకు యజ్ఞంగా కనిపిస్తుంది. ఏనుగుల తొండాలు యూపస్తంభాలు, బాణాలు దర్భలు, చచ్చిన ఏనుగుల గుట్ట చయనవేదిక, పగ అగ్ని, జెండాలు పందిరి, సింహనాదాలు మంత్రాలు, పడిపోయిన మనుషులు బలిపశువులు. ఇక్కడ అలంకారం అందం కోసం రాలేదు. యజ్ఞం చేసినవాడికి ఫలం ఉండాలి. ఈ యజ్ఞానికి ఫలం ఎవరికి దక్కిందన్న ప్రశ్న నాటకం చివరిదాకా వదలదు.

గదాయుద్ధం వేదిక మీద జరగదు. ఆ భటులే దాన్ని చూస్తూ మనకు చెబుతారు. దుర్యోధనుడి దెబ్బకు భీముడు నెత్తురోడుతూ కూలుతాడు. చూస్తున్నవాళ్లలో విదురుడి కళ్లు చెమరుస్తాయి, అర్జునుడి చెయ్యి గాండీవం మీదికి పోతుంది. దుర్యోధనుడు మాత్రం రెండో దెబ్బ వేయడు. ఆపదలో ఉన్నవాణ్ణి వీరుడు చంపడు, భయపడకని భీముడితో అంటాడు. ఆ మాట అయిన కాసేపటికే కృష్ణుడు తన తొడ చరుచుకుని సైగ చేస్తాడు. భీముడు లేస్తాడు, గద తొడల మీద పడుతుంది. శిష్యుడికి జరిగిన అన్యాయం చూసి బలరాముడు నాగలి పట్టి మండిపడుతూ ప్రవేశిస్తాడు. ఎవరిది ధర్మం అన్న తీర్పు కవి నోటితో చెప్పడు. రెండు ఘటనలను ఒకదాని వెంట ఒకటి పెట్టి ఊరుకుంటాడు.

తొడలు లేని రాజు

దుర్యోధనుడు ఆ తర్వాతే కనిపిస్తాడు, అదీ పాకుతూ. విరిగిన సగం దేహాన్ని రెండు చేతులతో ఈడ్చుకుంటూ వస్తాడు. సముద్రమథనం అయ్యాక దేవాసురులు వదిలేసిన వాసుకిలా ఉన్నాడని బలరాముడు అంటాడు. పాండవుల్ని చంపుతానని బలరాముడు ఊగిపోతుంటే ఆపేవాడు దుర్యోధనుడే. కురువంశానికి తర్పణం విడిచే మేఘాలు ఆ అయిదుగురేనని, వాళ్లయినా బతకాలని కోరతాడు. పగ పోయింది, యుద్ధపు కథ పోయింది, మేమూ పోయాం అంటాడు. తనను భీముడు మోసగించాడని కూడా ఒప్పుకోడు. లోకానికి ప్రియుడైన హరి భీముడి గదలో చేరి తనను మృత్యువుకు అప్పగించాడని చెబుతాడు. ఓటమిని అంత పెద్ద చేతుల్లో పెట్టడంలో ఆత్మగౌరవం ఉంది, శాంతమూ ఉంది. రెంటినీ విడదీయలేం.

ఇంతవరకు వీరుడి చావు. ఇక్కడి నుంచి నాటకం ఇంటి మనిషి చావుగా మారుతుంది. దీని గొప్పతనమంతా ఈ మలుపులోనే ఉంది.

గుడ్డి ధృతరాష్ట్రుడు, కళ్లకు గంతలు కట్టుకున్న గాంధారి, భార్యలు మాళవి, పౌరవి, చిన్న కొడుకు దుర్జయుడు రణరంగంలో అతన్ని వెదుక్కుంటూ వస్తారు. తల్లిదండ్రులు పిలుస్తున్నారు. అతను లేవబోయి పడిపోతాడు. తండ్రి పాదాలకు మొక్కే అవకాశాన్ని కూడా భీముడు తొడలతోపాటే పట్టుకుపోయాడని, తనకు ఇది రెండో దెబ్బ అని అంటాడు. రాజ్యం పోయినందుకు ఏడవని మనిషి దండం పెట్టలేకపోయినందుకు బాధపడతాడు.

తర్వాత పిల్లవాడు. దుర్జయుడు తండ్రిని కనుక్కుని, అలవాటు ప్రకారం ఒళ్లో కూర్చోబోతాడు. వద్దంటాడు తండ్రి. ఎందుకు వద్దంటున్నావని కొడుకు అడుగుతాడు. నీకు అలవాటైన ఆసనం ఇవాళ్టి నుంచి లేదు, ఇంకెక్కడైనా కూర్చోమంటాడు. మహారాజు ఎక్కడికి వెళుతున్నాడని అడిగితే, నూరుగురు తమ్ముళ్ల వెంట వెళుతున్నానంటాడు. నన్ను కూడా తీసుకుపొమ్మని పిల్లవాడు. ఆ మాట పోయి భీముడితో చెప్పమని తండ్రి.

ఈ నాలుగు మాటల సంభాషణ కోసమే నాటకానికి ఆ పేరు పెట్టినట్టుంటుంది. సభలో ద్రౌపదికి చూపించిన తొడ అదే. భీముడు విరగ్గొడతానని శపథం పట్టిన తొడ అదే. కథ తెలిసిన ప్రేక్షకుడికి ఆ తొడ అంటే అహంకారం, అవమానం, ప్రతీకారం. పిల్లవాడికి మాత్రం అది రోజూ కూర్చునే చోటు. భాసుడు ద్రౌపది అవమానాన్ని దాచలేదు, తగ్గించలేదు. అదే దేహాన్ని ఇంకో వైపు నుంచి చూపించాడు. శిక్ష న్యాయమే కావచ్చు. అది తగిలింది మాత్రం నేరం చేసినవాడొక్కడికే కాదు.

దుర్యోధనుడు కొడుక్కి ఇచ్చే ఉపదేశం ఇంకా విలక్షణమైనది. నన్ను సేవించినట్టే పాండవుల్ని సేవించు, కుంతీదేవి మాట విను, అభిమన్యుడి తల్లినీ ద్రౌపదినీ తల్లుల్లాగే చూసుకో అంటాడు. ధర్మరాజు కుడి చెయ్యి తాకి, పాండవులతో కలిసి తనకు నీళ్లు వదలమంటాడు. గాంధారితో, నాకేమైనా పుణ్యం ఉంటే మరుజన్మలో కూడా నువ్వే నా తల్లివి కావాలంటాడు. నా మనసులోని మాటే అన్నావంటుంది ఆమె. వీరుడి భార్యవు, ఏడవకూడదని ఓదార్చితే, నేను చిన్నదాన్ని, నీ సహధర్మచారిణిని, ఏడుస్తున్నానంటుంది మాళవి. ధర్మోపదేశానికి దుఃఖం లొంగదని ఇంత సూటిగా చెప్పిన పాత్రలు ప్రాచీన నాటకాల్లో ఎక్కువ కనిపించవు.

అశ్వత్థామ రాక

అప్పుడే అశ్వత్థామ వస్తాడు, విల్లు పట్టుకుని, పాండవుల్ని తుదముట్టిస్తానంటూ. విల్లు వదిలెయ్యమని దుర్యోధనుడు అంటాడు. తొడలతోపాటు నీ దర్పం కూడా పోయిందా అని అశ్వత్థామ ఎత్తిపొడుస్తాడు. రాజులకు మానమే శరీరమని, ఆ మానం కోసమే యుద్ధానికి దిగానని సమాధానమిచ్చి, దుర్యోధనుడు తను చేసినవన్నీ వరసగా చెబుతాడు: జూదసభలో ద్రౌపదిని జుట్టు పట్టి లాగడం, పసివాడైన అభిమన్యుణ్ణి చంపడం, మాయజూదంలో గెలిచి పాండవుల్ని అడవిమృగాల మధ్యకు పంపడం. వాటితో పోలిస్తే వాళ్లు తనకు చేసింది తక్కువే అంటాడు. ఎవరూ అడగకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా చేసిన ఒప్పుకోలు ఇది. అతని ఔన్నత్యానికి నాటకం చూపే గట్టి ఆధారం ఇదే.

అశ్వత్థామ వినడు. రాత్రి యుద్ధం చేస్తానని ప్రతిజ్ఞ చేసి, అభిషేకం లేకుండానే బ్రాహ్మణుడి మాటే పట్టాభిషేకంగా దుర్జయుణ్ణి రాజును చేస్తాడు. నా మనసులో కోరిక తీరిందంటాడు దుర్యోధనుడు. ఇక్కడే విమర్శకుల మధ్య భేదం వస్తుంది. పగ వదలమన్నవాడు, పగ కోసం బయల్దేరినవాడి చేతుల మీదుగా కొడుక్కి దక్కిన కిరీటాన్ని ఎలా సంతోషంగా అందుకున్నాడు? నాయకుడి పశ్చాత్తాపం అసంపూర్ణమని కొందరంటారు. నాకు అది లోపంగా తోచదు. ప్రాణం పోతున్న తండ్రి కొడుకు గురించి ఆశపడటం మానవ సహజం. క్షమించగలిగినవాడు కూడా అన్నీ వదులుకోలేడు. భాసుడు ఆ చిక్కుముడిని విప్పకుండా ఉంచాడు కాబట్టే పాత్ర బతికింది.

చివర్లో దుర్యోధనుడికి దృశ్యాలు కనిపిస్తాయి. పూర్వీకులు, తమ్ముళ్లు, కర్ణుడు, అప్సరసలు, సముద్రాలు, గంగ ఎదురొస్తారు. తనకోసం హంసల విమానం వచ్చిందంటాడు. ప్రాణం విడుస్తాడు. ధృతరాష్ట్రుడు తపోవనానికి వెళతానంటాడు. అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లను చంపడానికి బయల్దేరతాడు. ఒకరు అడవికి, ఒకరు హత్యకు. నాటకం చెప్పిన శాంతివచనం ఎవరి చెవికీ ఎక్కకుండానే భరతవాక్యం వస్తుంది. చనిపోయినవాడు స్వర్గానికి వెళ్లాడు కదా, ఇది విషాదాంతం ఎలా అవుతుందని వాదించేవాళ్లు ఈ రెండు నిష్క్రమణలను లెక్కలోకి తీసుకోవాలి.

భారతానికి దూరంగా

మూలభారతంలో ఈ కుటుంబ సన్నివేశం లేదు. అక్కడ దుర్యోధనుడు పడిపోయాక కూడా కసితోనే ఉంటాడు, అశ్వత్థామ రాత్రి హత్యల వార్త తెచ్చాక తృప్తిగా చనిపోతాడు. ధృతరాష్ట్రుడు, గాంధారి రణరంగానికి రావడం స్త్రీపర్వంలో మాట. దుర్జయుడు కవి కల్పన. భారతంలో దుర్యోధనుడి కొడుకుగా పేరున్నవాడు లక్ష్మణకుమారుడు, మాయాబజార్ సినిమా పుణ్యమా అని తెలుగువారందరికీ తెలిసినవాడే. అతను అప్పటికే అభిమన్యుడి చేతిలో చనిపోయాడు. భాసుడు ఆ పెద్ద కొడుకును పక్కనపెట్టి, మాటలు అప్పుడప్పుడే పట్టుబడుతున్న పసివాణ్ణి సృష్టించాడు. తల్లిదండ్రుల రాకను ముందుకు జరిపి, చావును రాత్రి హత్యలకన్నా ముందే ముగించాడు. ఈ మూడు మార్పులతో ఇతిహాసంలోని ప్రతినాయకుడు నాటకానికి నాయకుడయ్యాడు.

నాట్యశాస్త్రం యుద్ధం, రాజ్యనాశం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపకూడదని, ప్రవేశకాదుల ద్వారా సూచించాలని చెప్పింది. భాసుడు యుద్ధాన్ని భటుల మాటల్లో పెట్టి ఆ నియమాన్ని పాటించాడు, మరణాన్ని కళ్లెదుట పెట్టి దాటాడు. ప్రతిమానాటకంలో దశరథుడు, అభిషేకనాటకంలో వాలి కూడా వేదిక మీదే చనిపోతారు. దశరూపకాల్లో ఊరుభంగం ఏ కోవకు చెందుతుందన్నది కూడా చర్చే. కరుణరసం ప్రధానంగా, స్త్రీల విలాపాలతో ఉండే ఉత్సృష్టికాంకమని కొందరు, వీరరసం ప్రధానంగా ఉండే వ్యాయోగమని కొందరు అన్నారు. పేరు ఏదైనా, కరుణం ఇక్కడ వీరాన్ని తుడిచిపెట్టదు. రెండూ చివరిదాకా కలిసే నడుస్తాయి.

వేదిక మీద

కేరళ కూడియాట్టం సంప్రదాయం భాసుడి ప్రతిమ, అభిషేకం, స్వప్నవాసవదత్తం, ప్రతిజ్ఞాయౌగంధరాయణం వంటివాటి అంకాలను తరతరాలుగా కాపాడింది. ఊరుభంగానికి వేదిక మీద గుర్తింపు ఎక్కువగా 20వ శతాబ్దంలోనే వచ్చింది. ఇంఫాల్‌లో 1976లో కోరస్ రెపర్టరీ థియేటర్ నెలకొల్పిన రతన్ థియామ్ దీన్ని మణిపురి భాషలో, అక్కడి యుద్ధవిద్య థాంగ్-తా, కథాగాన పద్ధతులు కలిపి ప్రదర్శించారు. ఆయన మహాభారత నాటకాలు మూడింటిలో చక్రవ్యూహ, కర్ణభారంతో పాటు ఇదీ ఒకటి. తిరువనంతపురంలో సోపానం బృందాన్ని నడిపిన కావాలం నారాయణ పణిక్కర్ దీన్ని సంస్కృతంలోనే ఆడించారు. కేరళ గ్రామాల్లోని తెయ్యం ఆరాధనారూపాన్ని ఆయన ఈ ప్రదర్శనలోకి తెచ్చారు. దుర్యోధనుణ్ణి దైవంగా చూసే ఆ ఎంపికకు కేరళ నేలలోనే ఆధారం ఉంది. కొల్లం జిల్లా పోరువళి పెరువిరుత్తి మలనాడలో దుర్యోధనుడికి గుడి ఉంది, విగ్రహం లేకుండానే పూజ జరుగుతుంది.

నటుడికి ఇది కఠిన పరీక్ష. ప్రవేశించిన క్షణం నుంచి చనిపోయేదాకా దుర్యోధనుడు నేల మీదే ఉంటాడు. పౌరాణిక పాత్రకు ప్రాణమైన నడక, నిలుచునే తీరు, గద తిప్పడం ఏవీ లేవు. మిగిలింది మొండెం, చేతులు, గొంతు, కళ్లు. చుట్టూ నిలబడ్డవాళ్లందరి కన్నా కింద ఉండి కూడా అందరికన్నా ఎత్తుగా కనిపించాలి. దర్శకుడు అతన్ని ఎత్తైన పీఠం మీద కూర్చోబెట్టాడంటే సగం నాటకం పోయినట్టే. దుర్జయుడి సన్నివేశంలో సంగీతం పెంచి ప్రేక్షకుణ్ణి ఏడిపించాలనుకోవడం ఇంకో పొరపాటు. ఆ మాటలు మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడుకున్నట్టే రావాలి. భటుల వర్ణన పొడుగని కత్తిరించడం కూడా సరికాదు. ఆ శవాల మధ్య నుంచి నడిచి వచ్చినప్పుడే పసివాడి ప్రశ్నకు దాని బరువు వస్తుంది.

తెలుగులో

దుర్యోధనుణ్ణి సుయోధనుడని గౌరవంగా చూడటం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల్లోని పద్యాలను పల్లెల్లో రాత్రంతా కూర్చుని విన్నవాళ్లున్నారు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్.టి. రామారావు, కొండవీటి వెంకటకవి సంభాషణలతో, దుర్యోధనుడి అభిమానాన్ని జనం నాలుకల మీదికి ఎక్కించారు. ఆ రెండింటిలో కనిపించేది నిటారుగా నిలబడ్డ సుయోధనుడు. భాసుడు చూపించింది లేవలేని సుయోధనుణ్ణి. మొదటివాణ్ణి ప్రేమించినవాళ్లకు రెండోవాడు తప్పక అర్థమవుతాడు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం భాసుడి నాటకాలను తెలుగు చేశారు. వ్యాకరణ వ్యాఖ్యలతో సంస్కృత ప్రతులు కూడా దొరుకుతాయి. మొదటిసారి చదివేవాళ్లు యుద్ధవర్ణన దగ్గర ఆగిపోకుండా బలరాముడి ప్రవేశం దాకా ఒక ఊపులో వెళ్లి, ఆ తర్వాత నెమ్మదిగా, వీలైతే పైకి చదవడం మంచిది. కొడుకు, తండ్రి మాటలను ఇద్దరు పంచుకుని చదివితే ఇంకా మంచిది.

మన నాటక పరిషత్తు పోటీల్లో ఏటా కొత్త నాటికల కోసం వెదుకుతారు. పద్యం పాడగల నటులు కోస్తాలోనూ రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఇంకా ఉన్నారు. పదమూడు పాత్రలు, ఒకే రంగం, భారీ సెట్టింగుల అవసరం లేదు. పద్యనాటక సమాజాలు, విశ్వవిద్యాలయ రంగస్థల శాఖలు కలిసి ఊరుభంగానికి ఆడదగిన కొత్త తెలుగు ప్రతిని తయారుచేసుకోవాలి. దాన్ని ఏడాదికి ఒక్కసారైనా ప్రేక్షకుల ముందుకు తేవాలి.